ఇళ్ళ మధ్య అర్ధరాత్రి టేక్‌అవే: ఇంగ్లండ్‌లో లైసెన్సు తెచ్చుకోవడం ఎలా

ఈస్ట్‌హామ్‌లోనో, హౌన్స్‌లోలోనో, లెస్టర్‌లోనో బిర్యానీ, దోసె టేక్‌అవే పెడదామనుకునే మనవాళ్ళు ముందు వంటమాస్టర్‌ని వెతుకుతారు. తర్వాత షాపు చూసుకుని లీజు మీద సంతకం పెడతారు. రాత్రి పదకొండు దాటాక వేడి తిండి అమ్మాలంటే వేరే లైసెన్సు కావాలన్న సంగతి చాలామందికి అన్నిటికన్నా ఆఖర్న తెలుస్తుంది. యూనివర్సిటీ పిల్లలు, షిఫ్టు డ్యూటీ దిగినవాళ్ళు, టాక్సీ డ్రైవర్లు ఆకలితో వచ్చేది సరిగ్గా ఆ టైములోనే. ఆ రెండు మూడు గంటల అమ్మకాన్ని నమ్ముకుని అద్దె లెక్క వేసుకున్నవాళ్ళకి, లైసెన్సు రాకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్‌లకి వర్తించే 2003 లైసెన్సింగ్ చట్టం గురించి. ప్లానింగ్ (భవనాన్ని దేనికి వాడొచ్చన్న అనుమతి) వివరాలు మాత్రం ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్‌లో దారి వేరు, అక్కడ 1982 నాటి సివిక్ గవర్నమెంట్ చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి.

ముఖ్యమైన మాట ముందే చెప్తాను. ఎన్ని గంటలు కావాలో మీ మెనూని చూసి కాకుండా మీ వీధిని చూసి అడగండి. షాపు పైన ఫ్లాటులో పసిపిల్ల ఉన్న తల్లి, వెనక సందులో ఉదయం ఐదింటికి లేచి డ్యూటీకి వెళ్ళే మనిషి ఉంటారు. వాళ్ళ నిద్ర చెడదని మీరు కాగితం మీద నమ్మకంగా చూపించగలిగితే పని సగం అయిపోయినట్టే.

మొదటి అడుగు: అసలు మీకు ఈ లైసెన్సు అవసరమా?

రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపు జనానికి వేడి ఆహారం గానీ వేడి పానీయం గానీ అమ్మితే, చట్టం దాన్ని లేట్ నైట్ రిఫ్రెష్‌మెంట్ అంటుంది. అక్కడే కూర్చుని తిన్నా, పార్శిల్ కట్టించుకుని వెళ్ళినా ఒకటే. డెలివరీ మాత్రమే చేస్తాం, షట్టర్ దించేసి ఉంటుంది కదా అని కొందరు అనుకుంటారు. అది తప్పు. చట్టం షాపులో అమ్మడాన్నీ, షాపు నుంచి పంపడాన్నీ రెండిటినీ కలిపే చెప్పింది. యాప్‌లో వచ్చిన ఆర్డరు రాత్రి 11.20కి మీ కిచెన్ నుంచి వేడిగా బయల్దేరితే లైసెన్సు ఉండాల్సిందే.

చల్లని తిండికి ఈ గొడవ లేదు. పెరుగన్నం, మైసూర్‌పాక్, జంతికలు, లస్సీ రాత్రంతా అమ్ముకున్నా ఈ చట్టం అడ్డురాదు. కానీ కస్టమర్ వేడి చేసుకోవడానికి షాపులో మైక్రోవేవ్ పెట్టారంటే అది కూడా వేడి ఆహారం కిందికే వస్తుంది.

కొన్ని కౌన్సిళ్ళు 2015 డీరెగ్యులేషన్ చట్టం ఇచ్చిన వెసులుబాటుతో కొన్ని ప్రాంతాలకో, కొన్ని వేళలకో, కొన్ని రకాల షాపులకో మినహాయింపు ఇచ్చి ఉండొచ్చు. మీ కౌన్సిల్ లైసెన్సింగ్ టీముకి ఒక ఈమెయిల్ పెడితే తెలిసిపోతుంది. లైసెన్సు లేకుండా అమ్మితే మాత్రం పరిమితి లేని జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. "అందరూ అమ్ముతున్నారుగా" అన్న మాట కోర్టులో నిలబడదు.

మద్యం అమ్మని షాపుకి ఒక మంచి సంగతి ఉంది. పర్సనల్ లైసెన్సు (మద్యం అమ్మకానికి వ్యక్తికిచ్చేది) అక్కర్లేదు, సూపర్‌వైజర్‌గా ఎవరినో చూపించాల్సిన పనీ లేదు. ప్రెమిసెస్ లైసెన్సు, అంటే షాపుకిచ్చేది, ఒక్కటి చాలు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ దరఖాస్తులో బీరు అమ్మకాన్ని కలపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. బీరు కలిపితే పోలీసులు, ఇరుగుపొరుగు చూసే చూపే మారిపోతుంది.

రెండో అడుగు: ఎవరి పేరు మీద?

2017 ఏప్రిల్ 6 నుంచి, వ్యక్తిగా ఈ లైసెన్సుకి దరఖాస్తు చేసేవాళ్ళకి యూకేలో పనిచేసే హక్కు ఉండాలి. 18 ఏళ్ళు నిండి ఉండాలి. తర్వాత ఎప్పుడైనా ఆ పనిచేసే హక్కు పోతే లైసెన్సు కూడా దానంతట అదే రద్దవుతుంది. కాబట్టి వీసా గడువు దగ్గరపడిన వ్యక్తి పేరు మీద లైసెన్సు పెట్టడం షాపుకే ప్రమాదం.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు సొంత వ్యాపారం చేయకూడదు. స్నేహితుడి పేరు మీద కంపెనీ పెట్టి వెనకనుంచి నడిపిద్దామన్న ఆలోచన ఎంతోమంది పిల్లల చదువునీ, వీసానీ కలిపి ముంచుతుంది. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసా సొంత వ్యాపారానికి ఒప్పుకుంటుంది. స్కిల్డ్ వర్కర్ వీసా ఉన్నవాళ్ళు ఇమ్మిగ్రేషన్ సలహాదారుని అడగకుండా అడుగు వేయొద్దు.

పనికి పెట్టుకునేవాళ్ళ విషయమూ ఇక్కడే చెప్పాలి. హోం ఆఫీసు ఇమ్మిగ్రేషన్ విభాగం మీ దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పే సంస్థల్లో ఒకటి. అర్హత లేనివాళ్ళని పనిలో పెట్టుకుని దొరికితే 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారికే ఒక్కో మనిషికి 45,000 పౌండ్ల వరకు జరిమానా. డిగ్రీ, మాస్టర్స్ చదివే విద్యార్థులు టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలకి మించి చేయకూడదు. రాత్రి షిఫ్టుల్లో ఈ లెక్క తేలిగ్గా దాటిపోతుంది, రోటా రాసేటప్పుడే చూసుకోండి.

మూడో అడుగు: లీజు మీద సంతకం పెట్టకముందే ప్లానింగ్ చూడండి

లైసెన్సు వేరు, ప్లానింగ్ అనుమతి వేరు. రెండూ కౌన్సిల్ నుంచే వచ్చినా ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. లైసెన్సులో ఒంటిగంట వరకు ఇచ్చి, ప్లానింగ్ షరతులో పదకొండుకే మూసేయాలని ఉంటే మీరు పదకొండుకే మూయాలి. ముందు మూసేయమన్న షరతుదే పైచేయి.

2020 సెప్టెంబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో వేడి ఆహారపు టేక్‌అవేని ఏ క్లాసులోనూ (షాపు వాడకాన్ని బట్టి ప్లానింగ్ పెట్టిన వర్గం) చేర్చకుండా విడిగా ఉంచారు. మామూలు షాపూ, కూర్చుని తినే రెస్టారెంటూ క్లాస్ ఇ కిందికి వస్తాయి. కాబట్టి బట్టల షాపునో, కేఫ్‌నో తీసుకుని ప్రధానంగా టేక్‌అవే నడపాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. మామూలుగా ఎనిమిది వారాల్లో నిర్ణయం రావాలి. బడి దగ్గర షాపయితే ఇంకా కష్టం. 2021 లండన్ ప్లాన్ ప్రకారం బడికి 400 మీటర్ల నడక దూరంలో కొత్త టేక్‌అవేలకి అనుమతి ఇవ్వకూడదు. 2024 డిసెంబర్‌లో మార్చిన జాతీయ ప్లానింగ్ విధానం కూడా, టౌన్ సెంటర్ బయట బడులకి నడక దూరంలో ఉన్నవాటిని తిరస్కరించమనే చెప్తోంది.

కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ షాపు పోస్ట్‌కోడ్ కొడితే పాత ప్లానింగ్ దరఖాస్తులు చాలావరకు కనబడతాయి. ఇరవై ఏళ్ళ కిందటి అనుమతిలో "రాత్రి 10.30 తర్వాత వ్యాపారం చేయరాదు" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, అది ఇప్పటికీ అమల్లోనే ఉంటుంది. ల్యాండ్‌లార్డ్ ఈ సంగతి చెప్పకపోవచ్చు. "ప్లానింగ్, లైసెన్సు రెండూ వస్తేనే లీజు మొదలవుతుంది" అన్న క్లాజు పెట్టమని మీ సొలిసిటర్‌ని అడగండి.

ఫుడ్ బిజినెస్ రిజిస్ట్రేషన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెరవడానికి 28 రోజుల ముందు కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి, ఉచితం. తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు, వేరుశెనగ, జీడిపప్పు, పాలు అన్నీ ఉన్నాయి. మన తాలింపు వేసిన ప్రతి వంటకంలోనూ ఆవాలు ఉంటాయని గుర్తుంచుకోండి. పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, డబ్బా వెనక చదవండి.

నాలుగో అడుగు: రాత్రిపూట ఆ వీధిలో నిలబడండి

షాపుని అందరూ పగలే చూస్తారు. మీరు ఒక శుక్రవారం రాత్రి, ఒక మంగళవారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట వరకు అక్కడ నిలబడి చూడండి. ఎన్ని కిటికీల్లో లైటు ఆరిపోయింది? బస్సులు ఎప్పటిదాకా తిరుగుతున్నాయి? పక్కన పబ్బు ఉంటే జనం ఎప్పుడు బయటికి వస్తున్నారు? వెనక సందులోకి వెళ్ళి వినండి. పగలు వినబడని చప్పుళ్ళు ఆ టైములో వినబడతాయి. బిన్ మూత పడిన చప్పుడు, షట్టర్ లాగిన చప్పుడు, కారు తలుపు వేసిన చప్పుడు, మోపెడ్ స్టార్ట్ చేసి వదిలేసిన ఇంజన్. పార్శిల్ చేతిలోకి వచ్చాక కూడా గుమ్మం దగ్గరే నిలబడి ఇండియాకి వీడియో కాల్‌లో మాట్లాడుకునే అలవాటు మన పిల్లలకి ఉంది. పైన ఫ్లాటులో ఉన్నవాళ్ళకి ఆ ప్రతి మాటా వినబడుతుంది.

ఆ తర్వాత కౌన్సిల్ లైసెన్సింగ్ పాలసీ చదవండి. ప్రతి కౌన్సిల్ ఐదేళ్ళకోసారి దీన్ని కొత్తగా ప్రకటించాలి. ఇళ్ళున్న చోట ఏ గంటవరకు ఒప్పుకుంటారో చాలా కౌన్సిళ్ళు అందులోనే రాసేస్తాయి. ఇప్పటికే రాత్రి షాపులు ఎక్కువై ఇబ్బందిగా ఉన్న వీధుల్ని క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతాలుగా గుర్తిస్తాయి కూడా. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో వెస్ట్ ఎండ్ అలాంటిదే, అక్కడ ఫాస్ట్‌ఫుడ్ షాపులకీ ఆ పాలసీ తగులుతుంది. అలాంటి చోట మీ షాపు వల్ల భారం పెరగదని మీరే చూపించాలి.

ఇళ్ళ మధ్య షాపుకి మొదటి దరఖాస్తులోనే తెల్లవారుజాము మూడింటివరకు అడగడం నాకు అస్సలు నచ్చని పని. ఆదివారం నుంచి గురువారం వరకు అర్ధరాత్రి, శుక్ర శనివారాలు ఒంటిగంట అని అడిగి, ఒక ఏడాది మచ్చ లేకుండా నడిపి చూపించండి. అప్పుడు ఇంకో గంట అడిగితే మీ చేతిలో రుజువు ఉంటుంది.

ముందే పరీక్షించుకునే దారి ఒకటుంది. టెంపరరీ ఈవెంట్ నోటీసు అంటారు, రుసుము 21 పౌండ్లు. కనీసం పది పనిదినాల ముందు ఇవ్వాలి. ఒక్కో నోటీసు 168 గంటల వరకు పనిచేస్తుంది. ఒకే చోటికి ఏడాదిలో 15 సార్లు, మొత్తం 21 రోజులు మించకూడదు. పర్సనల్ లైసెన్సు లేని వ్యక్తి ఏడాదికి ఐదు ఇవ్వొచ్చు. పోలీసు, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ (చప్పుడు, వాసన లాంటివి చూసే కౌన్సిల్ విభాగం) తప్ప ఇంకెవరూ దీనికి అభ్యంతరం చెప్పలేరు. రంజాన్ రాత్రులకో, దసరా వారాంతానికో ఇలా తెరిచి చూస్తే ఎంతమంది వస్తారో, చప్పుడు ఎక్కడ వస్తోందో తెలుస్తుంది. ఇరుగుపొరుగుకి ముందే చెప్పి తెరవండి.

ఐదో అడుగు: నోటీసు అంటించకముందే తలుపు తట్టండి

గోడమీద నీలం కాగితం (దరఖాస్తు నోటీసు) చూసి సంగతి తెలుసుకున్న మనిషి కోపంగా ఉంటాడు. అదే మాట మీ నోటి నుంచి ముందు విన్న మనిషి ప్రశ్నలు అడుగుతాడు. పైన, పక్కన, ఎదురుగా, వెనక సందులో ఉన్న ఇళ్ళకి సాయంత్రం ఆరు, ఏడు మధ్య స్వయంగా వెళ్ళండి. ఒక పేజీ ఉత్తరం చేతిలో పెట్టండి. అందులో మీ పేరు, మీరు అడుగుతున్న గంటలు, చెత్త ఎప్పుడు తీస్తారో, డెలివరీ రైడర్లు ఎక్కడ ఆగుతారో, రాత్రిపూట పనిచేసే ఫోన్ నంబరు ఉండాలి. బతిమాలే మాటలు అక్కర్లేదు. ఉచిత బిర్యానీ ఆశ చూపించడం అసలే వద్దు, లంచం ఇస్తున్నట్టు ఉంటుంది.

వాళ్ళు చెప్పింది రాసుకోండి. "నా పడకగది కిటికీ మీ ఫ్యాన్ పక్కనే ఉంది" అని ఒకరు చెప్తే, ఆ ఒక్క మాటతో మీ వేల పౌండ్లు మిగలొచ్చు. ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది అప్పటికింకా మీ చేతిలోనే ఉంది.

ఆరో అడుగు: ఆపరేటింగ్ షెడ్యూల్, అసలు దరఖాస్తు ఇదే

ఫారంలో మిగతా పేజీలన్నీ వివరాలు నింపడమే. చట్టానికి నాలుగు లక్ష్యాలున్నాయి: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, ప్రజల భద్రత, జనానికి ఇబ్బంది కలగకుండా చూడటం, పిల్లలకి హాని జరగకుండా చూడటం. వీటికోసం మీరేం చేస్తారో రాసేదే ఆపరేటింగ్ షెడ్యూల్. ఇందులో రాసింది రేపు మీ లైసెన్సు షరతుగా మారుతుంది. దాన్ని తప్పడం నేరం. అందుకే చేయగలిగింది మాత్రమే రాయండి, రాసేది మాత్రం కొలవగలిగేలా రాయండి.

"కస్టమర్లు గోల చేయకుండా చూసుకుంటాం" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. చేశారో లేదో తేల్చేదెలా? ఇలా రాయండి: "రాత్రి 11 తర్వాత డ్యూటీలో ఉన్న ఒక ఉద్యోగి ప్రతి అరగంటకీ షాపు ముందుకు వచ్చి చూస్తారు. గుమిగూడిన వాళ్ళుంటే మర్యాదగా పంపిస్తారు. చూసిన టైము, సంతకం లాగ్ పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం పోలీసు, కౌన్సిల్ అధికారులు అడిగిన వెంటనే చూపిస్తారు." దీన్ని చదివిన అధికారికి మీరు పని తెలిసిన మనిషని అర్థమవుతుంది.

చెత్తకి కూడా అంతే. రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు బయటి బిన్లలో ఏమీ వేయం, ఆ టైములో వచ్చిన సంచులు లోపలే మూసిన డబ్బాలో ఉంచుతాం అని రాయండి. మూసేశాక షాపు ముందు, రెండు పక్కలా పడిన కాగితాలు, డబ్బాలు ఏరేస్తామని, ఎంత దూరం వరకో మీటర్లలో రాయండి. సీసీటీవీ రికార్డింగు 31 రోజులు ఉంచాలని పోలీసులు సాధారణంగా అడుగుతారు, వాళ్ళు అడగకముందే మీరే రాసేయండి.

రైడర్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ఇళ్ళ మధ్య షాపులకి వచ్చే ఫిర్యాదులు చాలావరకు మోపెడ్ల మీదే. ఆర్డరు నిజంగా సిద్ధమయ్యాకే యాప్‌లో రెడీ అని నొక్కితే, రైడర్ పావుగంట బయట తిరుగుతూ ఉండక్కర్లేదు. రాత్రి 11 తర్వాత మెయిన్ రోడ్డు వైపే ఆగాలి, ఇంజన్ ఆపాలి, వీలైతే సైకిల్, ఎలక్ట్రిక్ బండి రైడర్లనే తీసుకుంటాం అని రాయండి. కౌంటర్ పక్కన లోపలే నిలబడటానికి చోటిస్తే వాళ్ళకీ చలి తప్పుతుంది. ఆ పిల్లల్లో చాలామంది మనవాళ్ళే.

వాసన, ఫ్యాను చప్పుడు మన వంటకి ప్రత్యేకమైన సమస్య. మూకుట్లో ఎండుమిరపకాయలు, ఆవాలు వేగినప్పుడు లేచే ఘాటు పై ఫ్లాటులో పడుకున్నవాళ్ళని దగ్గించి లేపుతుంది. కార్బన్ ఫిల్టర్లు పెట్టిన ఎక్స్‌ట్రాక్షన్ కావాలి, దాని గొట్టం ఇంటికప్పుకన్నా పైకి వెళ్ళాలి, మోటారు కింద అదురు ఆపే రబ్బరు మౌంట్లు వేయించాలి. ఫిల్టర్లు ఎప్పుడు మారుస్తారో తేదీలతో రాసి పెట్టుకోండి.

దానికన్నా తేలికైన ఉపాయం మెనూలో ఉంది. వేపుళ్ళు, తాలింపులు, గ్రేవీలు రాత్రి పదింటికల్లా ముగించి, ఆ తర్వాత దమ్ అయిన బిర్యానీ, ఇడ్లీ, చాయ్ మాత్రమే అమ్మితే పెద్ద ఫ్యాను నడపాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. దించిన బిర్యానీని 63 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉంచాలన్నది ఇక్కడి ఆహార భద్రత నియమం, మంచి హాట్ క్యాబినెట్ ఉంటే అదేమంత కష్టం కాదు. దోసె అప్పటికప్పుడు పెనం మీద వేయాల్సిందే, అంటే ఫ్యాను తిరగాల్సిందే. అర్ధరాత్రి దోసె కావాలో, అర్ధరాత్రి లైసెన్సు కావాలో కొన్ని వీధుల్లో ఏదో ఒకటే తేల్చుకోవాలి. "రాత్రి 11 తర్వాత నూనెలో వేయించడం, పెనం వంట ఉండదు" అని మీరే షరతు రాస్తే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అభ్యంతరంలో సగం అక్కడే పోతుంది.

ఇంకొక షరతు కూడా బాగా పనిచేస్తుంది. అర్ధరాత్రి తర్వాత కస్టమర్లని లోపలికి రానివ్వకుండా డెలివరీ మాత్రమే చేస్తాం అన్నది. గుమ్మం దగ్గర జనం లేకపోతే గోలే ఉండదు.

ఏడో అడుగు: ఫీజు, ప్లాన్, నోటీసు

ఫీజు షాపు రేటబుల్ వాల్యూని (వ్యాపార పన్ను కోసం షాపుకి కట్టిన విలువ) బట్టి ఉంటుంది. ఆ విలువ ప్రభుత్వ వాల్యుయేషన్ ఆఫీసు వెబ్‌సైటులో కనబడుతుంది. 4,300 పౌండ్ల వరకు ఉంటే దరఖాస్తుకి 100, ఏటా 70 పౌండ్లు. 4,301 నుంచి 33,000 వరకు అయితే 190, ఏటా 180. ఇళ్ళ మధ్య చిన్న షాపులు ఎక్కువగా ఇందులోకే వస్తాయి. 33,001 నుంచి 87,000 వరకు 315, ఏటా 295. ఆపైన 450, 635 పౌండ్ల మెట్లున్నాయి.

ప్లాన్‌కి ఆర్కిటెక్టే గీయాలన్న నియమం లేదు, స్పష్టంగా చదవగలిగేలా ఉంటే చాలు. గోడలు, లోపలికి బయటికి దారులు, మెట్లు, కిచెన్, టాయిలెట్లు, మంటలార్పే సామాను, ఏ చోట అమ్ముతారో అన్నీ చూపించాలి.

ఆన్‌లైన్‌లో వేస్తే పోలీసు, ఫైర్, ప్లానింగ్, ట్రేడింగ్ స్టాండర్డ్స్ వగైరా అందరికీ కౌన్సిలే పంపుతుంది. కాగితం మీద ఇస్తే అందరికీ మీరే పంపాలి. ఆన్‌లైనే మేలు.

దరఖాస్తు ఇచ్చిన మర్నాటి నుంచి 28 రోజులపాటు షాపు బయట నోటీసు ఉండాలి. లేత నీలం కాగితం, ఏ4 సైజుకి తగ్గకూడదు, నల్ల అక్షరాలు, 16 పాయింట్‌కి తగ్గకూడదు, దారిన పోయేవాళ్ళు చదవగలిగేలా ఉండాలి. తెల్ల కాగితం మీద అంటించినా, మధ్యలో ఊడిపోయి కనబడకపోయినా గడువు మళ్ళీ మొదటికొచ్చే ప్రమాదం ఉంది. రోజూ ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మొదటి పది పనిదినాల్లోగా స్థానిక పత్రికలో ప్రకటన కూడా వేయాలి, దరఖాస్తు ఫీజుకన్నా దీనికే ఎక్కువ అవడం మామూలే. పత్రికా ప్రకటన నియమం మారొచ్చు కాబట్టి వేసేముందు కౌన్సిల్‌ని అడిగి తాజా నియమం తెలుసుకోండి.

ఎనిమిదో అడుగు: ఆ 28 రోజులు

నోటీసు ఉన్న ఆ 28 రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. ఇష్టం లేదని ఆపే అధికారం వాళ్ళకి లేదు.

మధ్యలో పోలీసు లైసెన్సింగ్ ఆఫీసరో, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసరో ఫోన్ చేసి ఫలానా షరతులు ఒప్పుకుంటారా అని అడుగుతారు. టెన్షన్ పడొద్దు, అది మంచి సూచన. చేయగలిగినవైతే ఈమెయిల్‌లో ఒప్పుకోండి, వాళ్ళు తమ అభ్యంతరం వెనక్కి తీసుకుంటారు. చేయలేనిదైతే కారణం చెప్పి, బదులుగా మీరేం చేయగలరో చెప్పండి. చిన్న షాపుకి ప్రతి రాత్రీ సెక్యూరిటీ గార్డు అంటే మోయలేని ఖర్చు. శుక్ర శనివారాలకి అయితే మాట్లాడొచ్చు.

ఇరుగుపొరుగు రాసిన అభ్యంతరాల కాపీ మీకు అందుతుంది. కోపంతో జవాబు రాయకండి. ప్రతి అభ్యంతరంలో అసలు భయం ఏమిటో పట్టుకోండి. నిద్రా, చెత్తా, పార్కింగా, తాగి వచ్చే జనమా? దానికి తగిన షరతు ఇవ్వగలిగితే లైసెన్సింగ్ ఆఫీసరు ద్వారా కబురు పంపండి.

తొమ్మిదో అడుగు: హియరింగ్

రాజీ కుదరకపోతే 28 రోజుల గడువు ముగిశాక 20 పనిదినాల్లో హియరింగ్ మొదలవ్వాలి. మామూలుగా ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుంటారు. కోర్టంత భయపడే చోటు కాదు, అలాగని కబుర్లతో గట్టెక్కే చోటూ కాదు.

వాళ్ళు అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. 12.55కి చివరి ఆర్డరు ఇచ్చిన మనిషి ఎన్నింటికి బయటికి వెళ్తాడు? ఆ రాత్రి షాపులో ఎంతమంది ఉంటారు? ఎవరైనా తాగి వచ్చి గొడవ చేస్తే ఏం చేస్తారు? ఫోన్ ఎవరు ఎత్తుతారు? వీటికి జవాబు చెప్పాల్సింది రాత్రి షాపులో నిలబడే మనిషే. కన్సల్టెంట్‌ని పంపి మీరు ఇంట్లో కూర్చోవద్దు. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు.

ఈ ప్రాంతానికి ఇలాంటి షాపు అవసరం, మనవాళ్ళు వేలమంది ఉన్నారు అన్న వాదన ఇక్కడ పనిచేయదు. వ్యాపార అవసరం లైసెన్సింగ్ నిర్ణయానికి సంబంధించింది కాదు. అదే నియమం అవతలివాళ్ళకీ ఉంది. ఇప్పటికే ఆరు టేక్‌అవేలున్నాయి, ఏడోది ఎందుకు అన్నా, ఇంటి ధర పడిపోతుంది అన్నా ఆ మాటలు లెక్కలోకి రావు. షాపు చుట్టుపక్కల దాటి వెళ్ళాక మనిషి చేసే అల్లరికి ఆ మనిషే బాధ్యుడని ప్రభుత్వ మార్గదర్శకాలే చెప్తున్నాయి.

భయాలకన్నా రుజువుకి విలువ ఎక్కువ. 2008లో డేనియల్ త్వెయిట్స్ కేసులో, పోలీసుల నుంచి అభ్యంతరం లేకపోయినా, సరైన ఆధారం లేకుండా మెజిస్ట్రేట్లు ఒక పబ్బు వేళలు తగ్గించారని హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మీరు టెంపరరీ నోటీసు మీద నడిపిన రాత్రుల లాగ్ పుస్తకం ఇప్పుడు మీకు పనికొస్తుంది.

తీర్పు నచ్చకపోతే తెలియజేసిన రోజు నుంచి 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టుకి అప్పీలు చేయొచ్చు. అడిగిన ఒంటిగంటకి బదులు అర్ధరాత్రి ఇచ్చారని అప్పీలుకి పరుగెత్తకండి. ఆ డబ్బుతో ఫ్యాను బాగు చేయించండి.

మీరు పై ఫ్లాటులో ఉంటే

ఇది చదివేవాళ్ళలో షాపు పెట్టేవాళ్ళే కాదు, షాపు పైన అద్దెకున్నవాళ్ళూ ఉంటారు. మీ హక్కు కూడా అంతే గట్టిది. 28 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, ఇంటి ఓనరే కానక్కర్లేదు. నాలుగు లక్ష్యాల్లో ఏదో ఒకదానికి ముడిపెట్టి రాయండి. "నా పడకగది షాపు వెనక తలుపుకి సరిగ్గా పైన ఉంది, రాత్రి పదిన్నరకి బిన్ చప్పుడుకే బాబు లేస్తున్నాడు, తేదీలు ఇవి" అన్న మూడు వాక్యాలు పదిమంది సంతకాల పిటిషన్‌కన్నా బలమైనవి. పూర్తిగా వద్దనే బదులు ఏ గంట వరకైతే ఒప్పుకుంటారో చెప్తే మీ మాటకి బరువు పెరుగుతుంది. మీ పేరు దరఖాస్తుదారుకి తెలుస్తుందని గుర్తుంచుకోండి. గడువు దాటి ఒక్కరోజు ఆలస్యమైనా తీసుకోరు.

లైసెన్సు వచ్చాక షరతులు పాటించకపోతే ఎప్పుడైనా రివ్యూ అడగొచ్చు. గంటలు తగ్గించడం నుంచి లైసెన్సు రద్దు వరకు అన్నీ కౌన్సిల్ చేతిలో ఉంటాయి.

లైసెన్సు వచ్చాక

సారాంశం పేజీని గోడకి అందరికీ కనబడేలా పెట్టండి, పూర్తి లైసెన్సు షాపులోనే ఉంచండి. షరతుల పేజీని తెలుగులోనో, మీ స్టాఫ్ ఏ భాష చదివితే ఆ భాషలోనో రాసి కిచెన్ తలుపుకి అంటించండి. కొత్తగా చేరిన పిల్లాడు తెలియక రాత్రి పన్నెండున్నరకి చెత్త బయటికి తీసుకెళ్తే షరతు తప్పింది మీరే. ఏటా ఫీజు కట్టడం మర్చిపోతే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. షాపు అమ్మేస్తే ట్రాన్స్‌ఫర్‌కి 23 పౌండ్లు, చిన్న మార్పులకి మైనర్ వేరియేషన్ 89 పౌండ్లు.

ఏడాది గడిచాక ఇంకో గంట కావాలనిపిస్తే పూర్తి వేరియేషన్ దరఖాస్తు వేయండి. మళ్ళీ అదే ఫీజు, అదే నీలం కాగితం, అదే 28 రోజులు. ఈసారి దరఖాస్తుతోపాటు ఏడాది లాగ్ పుస్తకం, ఫిల్టర్లు మార్చిన రసీదులు, ఫోన్‌కి వచ్చిన ఫిర్యాదులు, వాటికి మీరేం చేశారో రాసిన కాగితం జతచేయండి. దరఖాస్తు వేసే వారం ముందు మళ్ళీ అదే ఇళ్ళ తలుపులు తట్టండి.